తెలుగువారి చరిత్రలో నవంబరు 1

నవంబరు 1, గ్రెగోరియన్ క్యాలెండరు ప్రకారము సంవత్సరములో 305వ రోజు (లీపు సంవత్సరములో 306వ రోజు). సంవత్సరాంతమునకు ఇంకా 60 రోజులు మిగిలి ఉంటాయి. తెలుగువారి చరిత్రలో ఈ తేదీకి ప్రత్యేక స్థానము కలదు. 1858లో ఈస్టిండియా కంపెనీ పాలన అంతమై బ్రిటిష్ రాణి పాలన మొదలైనట్లు ప్రకటన వెలువడినది ఈ తేదీననే. 1954లో ఫ్రెంచివారి ఏలుబడిలోని యానాం భారత ప్రభుత్వము చేతికి వచ్చినది, 1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవతరించినది, 1966లో విశాఖ ఉక్కు ఉద్యమములో కాల్పులు జరిగినది కూడా నవంబరు 1వ తేదీననే.

ఒకే తేదీన జరిగిన సంఘటనలన్నిటికీ పరస్పర సంబంధము ఉండదు. కొన్ని యాదృచ్ఛికముగా ఆ తేదీన జరుగుతాయి. మరికొన్నిటికి ప్రభుత్వములు ఆ తేదీని ముందుగానే ఎంచుకుంటాయి. ఈ భేదమును గుర్తించినప్పుడే తేదీల పట్టిక చరిత్రగా అర్థమవుతుంది. గోదావరి డెల్టాలోని కె.గంగవరం, యానాం ప్రాంతములను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసము ఆ భేదమును వివరిస్తుంది.

ప్రాంత పరిచయము

కె.గంగవరం, డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని ఒక గ్రామము. ఇదే పేరుతో మండలము కూడా కలదు. గౌతమి, వసిష్ఠ పాయల మధ్యనున్న లంకభూమిని కోనసీమ అనడము పూర్వము నుండి వాడుక. కె.గంగవరం మండలము గౌతమికి ఎడమ గట్టున, అనగా ఆ లంకభూమికి వెలుపల ఉన్నది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది తూర్పు గోదావరి జిల్లా నుండి కోనసీమ జిల్లాలోనికి వచ్చినది.

సోమేశ్వరాలయమునకు ప్రసిద్ధి చెందిన కోటిపల్లి ఈ మండలములోనిదే. కోటిపల్లి రేవు దాటితే ఆవలి గట్టున ముక్తేశ్వరం వస్తుంది. అదే గౌతమి గట్టు వెంట దిగువకు వెళితే యానాం వస్తుంది. రెండు చోట్లా నది ఒక్కటే, భాష ఒక్కటే, పంట ఒక్కటే. అయినను రెండు శతాబ్దములకు పైగా ఈ రెండు ఊళ్ళ పాలకులు వేరు. నవంబరు 1వ తేదీ ఈ రెండు ఊళ్ళకు రెండు వేర్వేరు అర్థములను ఇచ్చినది.

తేదీ మరియు తిథి

తెలుగువారు రెండు విధములుగా కాలమును లెక్కిస్తారు. పండుగలు, వ్రతములు, పితృకార్యములు చాంద్రమానము ప్రకారము తిథిని బట్టి జరుగుతాయి. ఆఫీసులు, బడులు, చట్టములు గ్రెగోరియన్ తేదీని బట్టి నడుస్తాయి. నవంబరు 1వ తేదీ ఒక సంవత్సరము ఆశ్వయుజ మాసములోను, మరొక సంవత్సరము కార్తీక మాసములోను వస్తుంది. కోటిపల్లి రేవులో కార్తీక స్నానము చేయువారికి ఆ దినము తిథిని బట్టి ఏటా మారుతుంది. ఆంధ్రప్రదేశ్ అవతరణ దినము మాత్రము మారదు.

తేదీ అనునది కూడా అన్ని చోట్ల ఒక్కసారే రాదు. 1952లో అమెరికా తన మొదటి హైడ్రోజన్ బాంబును పసిఫిక్ మహాసముద్రములోని ఎనివెటాక్ దీవులలో పరీక్షించినది. అప్పుడు అక్కడ నవంబరు 1 ఉదయము. గ్రీనిచ్ కాలమానము ప్రకారము మాత్రము అది ఇంకా అక్టోబరు 31. అట్లే, బ్రిటిష్ పాలిత ప్రాంతములు 1752లో గ్రెగోరియన్ క్యాలెండరును స్వీకరించక ముందు అక్కడి రికార్డులలో వ్రాసిన తేదీలు జూలియన్ క్యాలెండరువి. కావున పాత తేదీలను పోల్చునప్పుడు అవి ఏ క్యాలెండరులోనివో, ఏ కాలమానములోనివో విద్యార్థులు గమనించవలెను.

1858: కంపెనీ పాలన అంతము

1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ పార్లమెంటు 1858 ఆగస్టులో భారత ప్రభుత్వ చట్టమును చేసి, ఈస్టిండియా కంపెనీ అధికారములను రాణికి బదిలీ చేసినది. ఆ మార్పును తెలియజేస్తూ విక్టోరియా రాణి పేరున వెలువడిన ప్రకటనను లార్డ్ కానింగ్ 1858 నవంబరు 1న అలహాబాదులో చదివి వినిపించినాడు. దేశములోని ముఖ్య పట్టణములలో దేశభాషానువాదములతో దీనిని చదివించినారు. స్వదేశ సంస్థానములతో కంపెనీ చేసుకొన్న ఒడంబడికలను గౌరవిస్తామని, ప్రజల మత విషయములలో జోక్యము చేసుకొనబోమని, జాతి మత భేదము లేక అర్హులకు ఉద్యోగములు ఇస్తామని అందులో హామీలు కలవు. చివరి హామీ అమలు కొరకు భారతీయులు తరువాత అనేక దశాబ్దములు పోరాడవలసి వచ్చినది.

గోదావరి మండలమునకు కంపెనీ పాలన కొత్తది కాదు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాముతో ఒప్పందము ద్వారా ఉత్తర సర్కారులు కంపెనీకి సంక్రమించినవి. యానాం సమీపములోని ఇంజరంలో కంపెనీవారు వస్త్ర వ్యాపారము చేసినారు. ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ఆనకట్ట కూడా కంపెనీ కాలము నాటిదే. కె.గంగవరం ప్రాంతపు రైతు 1858 నవంబరు 1న ఆ ఆనకట్ట కాలువల నీటితోనే సేద్యము చేస్తూ, నిన్న కంపెనీకి కట్టిన శిస్తును నేడు రాణి ప్రభుత్వమునకు కట్టవలసిన వాడైనాడు. మరుసటి సంవత్సరము, 1859లో, రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను పునర్వ్యవస్థీకరించి గోదావరి, కృష్ణా జిల్లాలను ఏర్పరచినారు.

యానాంలో ఆ దినమున ఏ మార్పూ జరగలేదు. అది ఫ్రెంచివారిది.

1954: యానాం బదిలీ

ఫ్రెంచివారు 1723లో యానాంలో స్థావరము ఏర్పరచినారు. లాభము లేక 1727లో విడిచిపెట్టి, 1731లో తిరిగి వచ్చినారు. ఆంగ్లేయులతో యుద్ధములు జరిగినప్పుడెల్లా యానాం చేతులు మారినది. నెపోలియన్ యుద్ధముల తరువాత ఆంగ్లేయులు దీనిని ఫ్రెంచివారికి తిరిగి ఇచ్చివేసినారు.

యానాం విస్తీర్ణము సుమారు 30 చదరపు కిలోమీటర్లు మాత్రమే. చుట్టూ బ్రిటిష్ భూమి ఉన్నందున సరిహద్దుకు ఒక ప్రత్యేకత కలిగినది. ఒక గట్టున నేరమైనది మరొక గట్టున నేరము కాకపోవచ్చును. బాల్యవివాహములను నిరోధించే శారదా చట్టము బ్రిటిష్ ఇండియాలో 1930 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము యానాంలో చెల్లదు గనుక పరిసర గ్రామములవారు అక్కడికి వెళ్ళి వివాహములు జరిపించేవారు. అందువలన యానాంకు కల్యాణపురము అనే పేరు వచ్చినది.

1947లో భారతదేశము స్వతంత్రమైనను పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ఫ్రెంచివారి చేతిలోనే ఉండిపోయినవి. కె.గంగవరంలో త్రివర్ణ పతాకము ఎగిరిన తరువాత సుమారు ఏడేళ్ళ పాటు దిగువనున్న యానాంలో ఫ్రెంచి పతాకము ఎగిరినది. యానాం విమోచనోద్యమమునకు దడాల రఫేల్ రమణయ్య నాయకత్వము వహించినారు. ఆయన యానాం వాస్తవ్యులు, ఫ్రెంచి ప్రభుత్వములో పనిచేసి ఉద్యమములోనికి వచ్చినవారు. 1954 జూన్ 13న ఉద్యమకారులు యానాంను స్వాధీనము చేసుకొన్నారు.

తరువాత సంఘటనలు వేగముగా జరిగినవి.

1954 అక్టోబరు 18: పుదుచ్చేరి సమీపమున కీళూరులో ప్రజాప్రతినిధుల అభిప్రాయ సేకరణ జరిగినది. 178 మందిలో 170 మంది భారతదేశములో విలీనమునకు అనుకూలముగా ఓటు వేసినారు.
1954 అక్టోబరు 21: భారత, ఫ్రెంచి ప్రభుత్వములు ఢిల్లీలో ఒప్పందము చేసుకొన్నవి.
1954 నవంబరు 1: నాలుగు స్థావరముల పాలన భారత ప్రభుత్వమునకు వచ్చినది.
1956 మే 28: విలీన సంధిపై రెండు దేశములు సంతకములు చేసినవి.
1962 ఆగస్టు 16: సంధి అమలులోనికి వచ్చి, బదిలీ చట్టబద్ధమైనది.
1963 జూలై 1: పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతముగా ఏర్పడినది. యానాం అందులో ఒక భాగము.

ఇక్కడ రెండు బదిలీలను వేరుగా గ్రహించవలెను. 1954 నవంబరు 1న జరిగినది వాస్తవ బదిలీ. దీనిని డి ఫాక్టో బదిలీ అంటారు. పాలన, పోలీసు, పన్నులు ఆ దినము నుండి భారత ప్రభుత్వము చేతిలోనికి వచ్చినవి. కాని చట్టము దృష్టిలో ఆ భూమి ఇంకను ఫ్రాన్సుదే. 1962 ఆగస్టు 16న జరిగినది చట్టబద్ధ బదిలీ, అనగా డి జ్యూర్ బదిలీ. ఇల్లు కొన్నవాడు తాళము చేతికి రాగానే కాపురమునకు దిగి, రిజిస్ట్రేషను కొరకు వేచి ఉండడము వంటిది ఇది. యానాం విషయములో ఆ రిజిస్ట్రేషనుకు దాదాపు ఎనిమిదేళ్ళు పట్టినది.

అదే దినమున అల్జీరియాలో

ఇంత ఆలస్యమునకు కారణము అదే తేదీన మరొక ఖండములో జరిగిన సంఘటనలో కనబడుతుంది. 1954 నవంబరు 1న, ఫ్రెంచివారి ఏలుబడిలోనున్న అల్జీరియాలో జాతీయ విమోచన సంఘటన (ఎఫ్.ఎల్.ఎన్.) అనేక చోట్ల ఒకేసారి సాయుధ దాడులు జరిపి స్వాతంత్ర్య యుద్ధమును ప్రారంభించినది.

ఆ సంవత్సరము ఫ్రాన్సుకు కష్టకాలము. మే 7న వియత్నాంలోని డియెన్ బియెన్ ఫూ కోట పడిపోయినది. జూన్ నెలలో ప్రధానమంత్రి పదవికి వచ్చిన పియెర్ మెండెస్ ఫ్రాన్స్, జూలైలో జెనీవా ఒప్పందముల ద్వారా ఇండోచైనా యుద్ధమును ముగించినాడు. భారతదేశములోని స్థావరములను శాంతియుతముగా అప్పగించుటకు ఒప్పుకొన్నది కూడా అదే ప్రభుత్వము. అల్జీరియా సంగతి వేరు. దానిని ఫ్రెంచివారు వలసగా గాక తమ దేశములో అంతర్భాగముగా పరిగణించినారు. అక్కడ యూరోపియన్ల జనాభా కూడా అధికము.

ఆ యుద్ధము సాగుతున్న కాలములో, ఏ భూభాగమునైనా వదులుకొనే సంధిని ఆమోదించుటకు ఫ్రెంచి పార్లమెంటు వెనుకాడినది. 1962 మార్చిలో ఎవియాన్ ఒప్పందములతో యుద్ధము ముగిసినది. జూలై 5న అల్జీరియా స్వతంత్రమైనది. అటుపిమ్మట ఆగస్టు 16న పుదుచ్చేరి, యానాంల బదిలీ చట్టబద్ధమైనది. రెండు సంఘటనలు ఒకే తేదీన మొదలగుట యాదృచ్ఛికము. రెండూ 1962లోనే ముగియుట మాత్రము యాదృచ్ఛికము కాదు.

1956: ఆంధ్రప్రదేశ్ అవతరణ

ఆంధ్రప్రదేశ్ అవతరణను, ఆంధ్ర రాష్ట్ర అవతరణను ఒకటిగా భావించుట తరచుగా కనబడే పొరపాటు. ఇవి రెండు వేర్వేరు సంఘటనలు.

మద్రాసు రాష్ట్రములోని తెలుగు జిల్లాలను ప్రత్యేక రాష్ట్రము చేయవలెనని పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహార దీక్ష ప్రారంభించి డిసెంబరు 15 రాత్రి అసువులు బాసినారు. ఫలితముగా 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. టంగుటూరి ప్రకాశం పంతులు మొదటి ముఖ్యమంత్రి. తూర్పు గోదావరి జిల్లాతో పాటు కె.గంగవరం మద్రాసు రాష్ట్రము నుండి విడివడినది ఆ దినముననే గాని 1956లో కాదు.

అటుపిమ్మట ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రముల పునర్విభజన సంఘము 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చినది. హైదరాబాదు రాష్ట్రములోని తెలుగు ప్రాంతమును కొంతకాలము వేరుగా ఉంచవలెనని, 1961 ప్రాంతమున జరుగు సాధారణ ఎన్నికల తరువాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది అంగీకరించినచో ఆంధ్రతో కలుపవచ్చునని ఆ సంఘము అభిప్రాయపడినది. విశాలాంధ్ర వాదులు వెంటనే విలీనము కావలెనని కోరినారు. తెలంగాణలో విలీనమును వ్యతిరేకించినవారు ఉద్యోగములు, నీరు, నిధుల విషయములో తమకు అన్యాయము జరుగుతుందని భయపడినారు. ఆ భయములను తొలగించుటకు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఉభయ ప్రాంతముల నాయకులు పెద్దమనుషుల ఒప్పందము చేసుకొన్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువారు కావలెనన్నది అందులోని ఒక అంశము.

రాష్ట్రముల పునర్విభజన చట్టము, రాజ్యాంగ ఏడవ సవరణ 1956 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఆ దినము గురువారము. హైదరాబాదు ఫతే మైదానములో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ కొత్త రాష్ట్రమును ప్రారంభించినారు. చందూలాల్ మాధవలాల్ త్రివేది గవర్నరుగా, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా బాధ్యతలు స్వీకరించినారు. ఆంధ్ర రాష్ట్రములోని 11 జిల్లాలు, తెలంగాణలోని 9 జిల్లాలు కలిసి 20 జిల్లాల రాష్ట్రమైనది. ఒప్పందములో చెప్పిన ఉపముఖ్యమంత్రి పదవి మాత్రము మొదటి మంత్రివర్గములో లేదు. ఈ విషయము తరువాతి కాలములో తెలంగాణవాదులు చూపిన మొదటి ఉల్లంఘనలలో ఒకటిగా నిలిచినది.

గోదావరి జిల్లాలపై కూడా ఈ విలీనము ప్రభావము చూపినది. తూర్పు గోదావరి జిల్లాలోని భద్రాచలము తాలూకా 1959లో ఖమ్మం జిల్లాలో కలిసినది. రెండు రాష్ట్రముల మధ్య సరిహద్దు జిల్లాల మధ్య సరిహద్దుగా మారినందువలన ఇది సాధ్యమైనది.

యానాం మాత్రము ఆంధ్రప్రదేశ్‌లో చేరలేదు. 1956 నవంబరు 1 నాటికి అది చట్టము దృష్టిలో ఇంకను ఫ్రెంచి భూమియే. తరువాత కూడా నాలుగు స్థావరములను ఒకే పాలన కింద ఉంచినారు. అందువలన భాషా ప్రాతిపదికపై రాష్ట్రములు ఏర్పడిన కాలములో, తెలుగు మాట్లాడే యానాం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరములోనున్న పుదుచ్చేరి పాలనలో ఉండిపోయినది. పుదుచ్చేరి శాసనసభకు యానాం ఒక సభ్యుని ఎన్నుకొంటుంది. అక్కడ తెలుగు అధికార వ్యవహారములలో వాడే భాష.

అదే దినమున ఏర్పడిన ఇతర రాష్ట్రములు

1956 నవంబరు 1న దేశములో 14 రాష్ట్రములు, 6 కేంద్రపాలిత ప్రాంతములు ఉండునట్లు పటము మారినది. కేరళ రాష్ట్రము కొత్తగా ఏర్పడినది. కన్నడ ప్రాంతములు కలిసి విశాల మైసూరు రాష్ట్రమైనది. మధ్యప్రదేశ్ కొత్త రూపము దాల్చినది. తిరువాంకూరు - కొచ్చిన్‌లోని కన్యాకుమారి ప్రాంతము మద్రాసు రాష్ట్రములో కలిసినది. హైదరాబాదు రాష్ట్రము అంతరించి, దాని మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రమునకు, కన్నడ జిల్లాలు మైసూరుకు వెళ్ళినవి.

1966: విశాఖ ఉక్కు ఉద్యమము

రాష్ట్రము ఏర్పడి సరిగా పదేళ్ళు పూర్తయిన దినమున, 1966 నవంబరు 1 మంగళవారము నాడు, విశాఖపట్నములో పోలీసు కాల్పులు జరిగి పలువురు మరణించినారు. అయిదవ ఉక్కు కర్మాగారమును విశాఖపట్నములో స్థాపించవలెనని టి. అమృతరావు అక్టోబరు 15న నిరాహార దీక్ష ప్రారంభించినారు. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అనే నినాదముతో విద్యార్థులు, కార్మికులు, ప్రజలు వీధులలోనికి వచ్చినారు. ఉద్యమము మొత్తములో 32 మంది ప్రాణములు కోల్పోయినారని చెబుతారు. అప్పుడు కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి.

1970 ఏప్రిల్ 17న ప్రధానమంత్రి ఇందిరా గాంధీ పార్లమెంటులో విశాఖ కర్మాగారమును ప్రకటించినారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1న ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసినారు. 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఈ సంస్థలోని పెట్టుబడులను పూర్తిగా ఉపసంహరించుటకు సూత్రప్రాయముగా అంగీకరించగా, పాత నినాదము మరల వినబడినది.

అదే 1966 నవంబరు 1న ఉత్తర దేశములో పంజాబు పునర్విభజన జరిగి హర్యానా రాష్ట్రము అవతరించినది. చండీగఢ్ కేంద్రపాలిత ప్రాంతమైనది. ఒక చోట రాష్ట్రావతరణ ఉత్సవము, మరొక చోట తుపాకి కాల్పులు ఒకే దినమున జరిగినవి. ఈ రెండిటికి సంబంధము లేదు.

యాదృచ్ఛికమా, నిర్ణయమా?

పై సంఘటనలను రెండు వర్గములుగా విభజింపవచ్చును.

రాష్ట్రావతరణలు నిర్ణయము ద్వారా జరిగినవి. కొత్త రాష్ట్రము ఏ దినము నుండి అమలులోనికి వచ్చునో చట్టము ద్వారా ముందుగా నిర్ణయిస్తారు. జీతములు, ఖజానా లెక్కలు, ఉద్యోగుల బదిలీలు నెలవారీగా జరుగుతాయి గనుక నెల మొదటి తేదీ పరిపాలనకు అనువైనది. ఆంధ్ర రాష్ట్రము (1953 అక్టోబరు 1), ఆంధ్రప్రదేశ్ (1956 నవంబరు 1), మహారాష్ట్ర, గుజరాత్ (1960 మే 1), నాగాలాండ్ (1963 డిసెంబరు 1) అన్నీ మొదటి తేదీననే ఏర్పడినవి.

కొన్నిసార్లు పాత తేదీయే కొత్త తేదీకి ఆధారమవుతుంది. మైసూరు రాష్ట్రము తన 17వ అవతరణ దినమున, 1973 నవంబరు 1న, కర్ణాటకగా పేరు మార్చుకొన్నది. మధ్యప్రదేశ్ నుండి విడివడిన ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న, మధ్యప్రదేశ్ ఏర్పడిన తేదీననే, అవతరించినది. అదే నెలలో ఏర్పడిన జార్ఖండ్‌కు మాత్రము గిరిజన నాయకుడు బిర్సా ముండా జయంతియైన నవంబరు 15వ తేదీని ఎంచుకొన్నారు.

1966 కాల్పులు, అల్జీరియా దాడులు, 1755 నాటి లిస్బన్ భూకంపము మొదలగునవి రెండవ వర్గములోనివి. వీటిలో మనుషులు తేదీని ఎంచుకొన్న సందర్భము ఒక్క అల్జీరియాదే. ఆ దినము క్రైస్తవులకు సకల పునీతుల పండుగ అగుటచే ఫ్రెంచి కార్యాలయములకు సెలవు. భూకంపము మాత్రము ఏ క్యాలెండరునూ చూడదు. లిస్బన్‌లో అది పండుగ నాటి ఉదయము రావడము వలన చర్చిలలో ప్రార్థనలకు చేరిన అనేకులు మరణించినారు. తేదీ యాదృచ్ఛికమైనను, దాని ఫలితము యాదృచ్ఛికము కాదనుటకు ఇది ఉదాహరణ.

అవతరణ దినముపై భిన్నాభిప్రాయములు

ఉమ్మడి రాష్ట్రములో నవంబరు 1 ఆంధ్రప్రదేశ్ అవతరణ దినోత్సవముగా జరిగేది. తెలంగాణ ఉద్యమకారులు అదే దినమును విద్రోహ దినముగా పాటించినారు. ఒకే రాష్ట్రములో ఒకే తేదీన ఒక చోట మువ్వన్నెల తోరణములు, మరొక చోట నల్ల జెండాలు కనబడేవి.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. తెలంగాణకు అదే అవతరణ దినము. మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కు ఏది అవతరణ దినమన్న ప్రశ్న అప్పుడు తలెత్తినది. 1953 నాటి ఆంధ్ర రాష్ట్రములో బళ్ళారి మినహా రాయలసీమ, కోస్తా జిల్లాలు ఉన్నవి. నేటి రాష్ట్ర స్వరూపము దానికే దగ్గరగా ఉన్నది గనుక అక్టోబరు 1 సరియైన దినమని కొందరి వాదన. రాష్ట్రము పేరు 1956 నుండి మారలేదు, చట్టము ప్రకారము విడిపోయినది తెలంగాణయే గనుక నవంబరు 1 కొనసాగవలెనని మరికొందరి వాదన. నేటి సరిహద్దులు ఏర్పడినది జూన్ 2న అని మూడవ వాదన.

విభజన తరువాత రాష్ట్ర ప్రభుత్వము నవంబరు 1 ఉత్సవములను నిలిపి, జూన్ 2న నవనిర్మాణ దీక్షను నిర్వహించినది. 2019లో వచ్చిన ప్రభుత్వము నవంబరు 1న అవతరణ దినోత్సవమును పునరుద్ధరించినది. పొరుగున తమిళనాడులో కూడా ఇట్టి చర్చయే జరిగినది. 2019లో అక్కడి ప్రభుత్వము నవంబరు 1ని తమిళనాడు దినముగా ప్రకటించగా, 2021లో వచ్చిన ప్రభుత్వము దానిని జూలై 18కి మార్చినది. మద్రాసు రాష్ట్రమునకు తమిళనాడు అని పేరు పెట్టవలెనని శాసనసభ 1967లో తీర్మానించిన దినము అది.

ఈ వాదములలో ఏ ఒక్క తేదీ అబద్ధము కాదు. మూడు తేదీలలోనూ ఏదో ఒకటి ఏర్పడినది. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగము 1953 నాటి రాష్ట్రమునకు సంబంధించినది గాని 1956 నాటి విలీనమునకు కాదు అన్న సంగతిని మాత్రము పాఠ్య విషయముగా విద్యార్థులు స్పష్టముగా గుర్తుంచుకొనవలెను. నవంబరు 1న ఆయనకు నివాళులు అర్పించుట వలన ఈ రెండు సంఘటనలు కలగలిసిపోవుచున్నవి.

కె.గంగవరం - పాలన మారిన తేదీలు

1766: నిజాముతో ఒప్పందము, కంపెనీ అధికారము
1858 నవంబరు 1: కంపెనీ నుండి బ్రిటిష్ రాణికి
1859: గోదావరి జిల్లా
1925: తూర్పు గోదావరి జిల్లా
1947 ఆగస్టు 15: స్వతంత్ర భారతదేశము, మద్రాసు రాష్ట్రము
1953 అక్టోబరు 1: ఆంధ్ర రాష్ట్రము
1956 నవంబరు 1: ఆంధ్రప్రదేశ్
2014 జూన్ 2: తెలంగాణ విడిపోయిన ఆంధ్రప్రదేశ్
2022 ఏప్రిల్ 4: కోనసీమ జిల్లా

ఇంత కాలములో ఊరు ఉన్న చోటనే ఉన్నది, చిరునామా మాత్రము మారుచు వచ్చినది. మద్రాసు రాష్ట్రములో పుట్టి, ఆంధ్ర రాష్ట్రములో బడికి వెళ్ళి, ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగము చేసిన తరము వారు ఇల్లు మారకుండానే మూడు రాష్ట్రములలో నివసించినవారు. దిగువనున్న యానాంలో అదే తరమువారు ఇల్లు మారకుండానే రెండు దేశములలో నివసించినారు.

ఇతర సంఘటనలు

1512: మైఖెలాంజెలో చిత్రించిన సిస్టైన్ చాపెల్ పైకప్పు చిత్రములు మొదటిసారి ప్రజల దర్శనార్థము తెరువబడినవి.
1755: పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను భూకంపము, సునామీ, అగ్నిప్రమాదము ధ్వంసము చేసినవి.
1800: జాన్ ఆడమ్స్, వైట్ హౌస్‌లో నివసించిన మొదటి అమెరికా అధ్యక్షుడైనాడు.
1952: అమెరికా మొదటి హైడ్రోజన్ బాంబు పరీక్ష.
1973: లక్కదీవులు, మినికాయ్, అమిన్‌దీవి దీవుల సముదాయము పేరు లక్షద్వీప్‌గా మారినది.
1981: ఆంటిగ్వా, బార్బుడా స్వాతంత్ర్యము పొందినవి.
1984: ఇందిరా గాంధీ హత్యానంతరము ఢిల్లీలో సిక్కులపై హింస తీవ్రరూపము దాల్చినది.
1993: మాస్ట్రిక్ట్ సంధి అమలులోనికి వచ్చి యూరోపియన్ యూనియన్ ఏర్పడినది.

జననాలు

1880: ఆల్ఫ్రెడ్ వెగెనర్, ఖండముల చలన సిద్ధాంతమును ప్రతిపాదించిన జర్మన్ శాస్త్రవేత్త.
1897: దేవులపల్లి కృష్ణశాస్త్రి, భావకవి, "కృష్ణపక్షము" కర్త. పిఠాపురం సమీపమునకు చెందినవారు. (మ. 1980)
1973: ఐశ్వర్యా రాయ్, నటి.
1974: వి.వి.ఎస్. లక్ష్మణ్, హైదరాబాదుకు చెందిన క్రికెట్ క్రీడాకారుడు.

మరణాలు

1955: డేల్ కార్నెగీ, అమెరికా రచయిత.
1972: ఎజ్రా పౌండ్, అమెరికా కవి.

పండుగలు మరియు జాతీయ దినాలు

ఆంధ్రప్రదేశ్ అవతరణ దినము
కర్ణాటక రాజ్యోత్సవము
కేరళ పిరవి (కేరళ అవతరణ దినము)
హర్యానా, మధ్యప్రదేశ్ మరియు ఛత్తీస్‌గఢ్ అవతరణ దినములు
పుదుచ్చేరి విమోచన దినము (2014 నుండి). యానాంలో కూడా జరుపుకొంటారు.
అల్జీరియా విప్లవ దినము
సకల పునీతుల పండుగ (క్రైస్తవులకు)

అక్టోబరు 31 - నవంబరు 2 - అక్టోబరు 1 - డిసెంబరు 1